అల్లిక సూదులకు, క్రోషే హుక్కులకు గుడ్డ రోల్ కుట్టుకోవడం ఎలా?

అల్లిక కొత్తగా నేర్చుకునేటప్పుడు రెండు జతల సూదులు, ఒక హుక్కు ఉంటాయి. ఏ డబ్బాలో పడేసినా సరిపోతుంది. చెయ్యి తిరిగి, ఒకదాని తర్వాత ఒకటి అల్లుతూ పోయేకొద్దీ జతలు పెరుగుతాయి, హుక్కులు పోగవుతాయి. ఇక 4 మి.మీ. సూది ఒకటి చేతికొస్తే దాని జోడీ కోసం ఇల్లంతా వెతకాల్సి వస్తుంది. అన్నీ కలిపి ఒకే డబ్బాలో వేస్తే వెదురు సూదుల మొనలు ఒకదానికొకటి తగిలి గరుకెక్కుతాయి. ఆ గరుకు ఊలు పోగును పట్టుకుంటుంది, అల్లుతున్నంతసేపూ చిరాకే. సన్నటి అల్యూమినియం సూదులైతే బరువు మీద పడితే వంగిపోతాయి.

గుడ్డతో ఒక రోల్ కుట్టుకుంటే ఈ బాధ ఉండదు. విప్పి పరిస్తే అన్ని సైజులూ వరసగా కనిపిస్తాయి, చుట్టి కడితే చేతిసంచిలో పడుతుంది. దీనికి పెద్ద కుట్టుపని రానక్కర్లేదు. తిన్నగా గీత మీద మిషను నడపగలిగితే చాలు. మిషను లేకపోయినా, ఓపిక ఉంటే చేత్తో బ్యాక్ స్టిచ్ (ఒక్కో కుట్టుకూ కాస్త వెనక్కి వచ్చి ముందుకు పోయే గట్టి కుట్టు) వేసి కుట్టుకోవచ్చు. కాకపోతే కత్తెర పట్టుకునే ముందు కొలతల దగ్గర కాస్త కూర్చోవాలి. రోల్ బాగా కుదిరిందా లేదా అనేది కుట్టు అందం మీద కాదు, మీ సూదుల కొలతల మీదే ఆధారపడుతుంది.

ముందు సూదులు కొలవండి

మీ దగ్గరున్న సూదులు, హుక్కులు అన్నీ తీసి బల్ల మీద పరవండి. సాధారణంగా మూడు రకాలు తేలతాయి. ఒకవైపు బొడిపె ఉన్న పొడుగు సూదులు, ఇవి ఎక్కువగా 25, 30, 35, 40 సెం.మీ. పొడవుల్లో ఉంటాయి. రెండు వైపులా మొన ఉండే సాక్సు సూదులు, ఐదేసి సెట్టుగా వస్తాయి, 15 నుంచి 20 సెం.మీ. ఉంటాయి. మూడోది క్రోషే హుక్కులు, ఇవి ఇంచుమించు 15 సెం.మీ., అంటే ఆరు అంగుళాలు. కేబుల్‌తో ఉండే సర్క్యులర్ సూదుల్ని ఈ లెక్కలో కలపకండి. వాటి కేబుల్ చుట్టలు రోల్‌ని ఉబ్బిస్తాయి, రోల్ వాటి కేబుల్‌ని మెలిపెడుతుంది. వాటికి వేరే సంచే మంచిది.

అన్నిటికన్నా పొడుగు సూదిని బొడిపెతో కలిపి కొలవండి. దానికి ఒక అంగుళం కలిపితే అది రోల్ ఎత్తు. ఈ ఎత్తులో సుమారు అయిదింట మూడు వంతులు, సూదులు దూర్చే జేబు లోతు. మిగిలిన రెండు వంతులు ఎంతో, ఆ ఎత్తుకు పైన అదనంగా ఉండి జేబు వైపు మడిచే మూత పొడవు అంత. 35 సెం.మీ. సూది అంటే దాదాపు 14 అంగుళాలు. కాబట్టి ఎత్తు 15, జేబు 9, మూత 6. మూత వేస్తే సరిగ్గా జేబు పై అంచుకు తగులుతుంది, మధ్యలో సందు ఉండదు. మీ దగ్గర పొడుగు సూదులన్నీ 25 సెం.మీ.వే అయితే ఎత్తు 11, జేబు 7, మూత 4 అంగుళాలు పెట్టుకోండి.

మూత ఎందుకు, పని తగ్గుతుంది కదా అని మానేయకండి. మూత లేని రోల్ చుట్టినప్పుడు బాగానే ఉంటుంది, సంచిలో తలకిందులైందంటే సూదులన్నీ జారి అడుగున పడతాయి. అప్పుడు ఇంత శ్రమా వృథా.

ఇప్పుడు గదుల వెడల్పు, అంటే జేబును నిలువు కుట్లతో విడదీసే అరల వెడల్పు. సూది లావు 4 మి.మీ. కదా, జత అంటే 8 మి.మీ. గది చాలు అనిపిస్తుంది, కానీ చాలదు. చదునుగా కుట్టిన గదిలోకి గుండ్రటి కడ్డీ దూరినప్పుడు గుడ్డ రెండు వైపులా ఉబ్బాలి, ఆ ఉబ్బు వెడల్పులోంచే పోతుంది. లెక్క కట్టే తేలిక మార్గం ఒకటుంది. సన్నటి కాగితం పట్టీ తీసుకుని, పక్కపక్కన పెట్టిన జత సూదుల చుట్టూ ఒక చుట్టు బిగువుగా తిప్పండి. చివరలు కలిసిన చోట గీత పెట్టి, పట్టీ విప్పి కొలవండి. అందులో సగానికి 6 మి.మీ. కలిపితే గది వెడల్పు. 4 మి.మీ. జతకు ఇది 16 మి.మీ. దాకా వస్తుంది, 5 మి.మీ. జతకు 19, అంటే ముప్పావు అంగుళం. 8 మి.మీ. జతకైతే అంగుళం దాటుతుంది. అల్యూమినియం సూదులు నున్నగా ఉండి జారతాయి కాబట్టి వాటికి 6 బదులు 4 మి.మీ. కలిపితే పట్టు బాగుంటుంది. రబ్బరు పిడి ఉన్న హుక్కులకు లోహం లావు కాదు, పిడి చుట్టూ పట్టీ తిప్పి కొలవాలి.

ఈ వ్యాసంలో నేను కుట్టిస్తున్న రోల్ వెడల్పు 20 అంగుళాలు. అందులో గదులు ఎడమ నుంచి కుడికి ఇలా ఉంటాయి: 5 మి.మీ. దాకా ఉన్న జతలకు ముప్పావు అంగుళం గదులు ఎనిమిది, 6, 7 మి.మీ. జతలకు అంగుళం గదులు రెండు, అంతకన్నా లావు జతకు అంగుళంన్నర గది ఒకటి, సాక్సు సూదుల సెట్లకు అంగుళం గదులు మూడు, హుక్కులకు ముప్పావు అంగుళం గదులు ఆరు. చివర్లో మిగిలే మూడు అంగుళాలు టేపుకు, చిన్న కత్తెరకు, అల్లాక ఊలు కొసలు లోపలికి దాచే మొద్దు సూదికి. మీ సూదుల్ని బట్టి ఇది మార్చుకోండి. కొనబోయే వాటి కోసం ఒకటి రెండు గదులు ఎక్కువ పెట్టుకోవడం తెలివైన పని.

గుడ్డ ఎంపిక

లోపలికి, జేబుకు నేత దగ్గరగా ఉన్న కాటన్ కావాలి. పాప్లిన్ లాంటిది బాగుంటుంది. నేత పలచగా ఉంటే 2, 2.5 మి.మీ. సూదుల మొనలు పోగుల మధ్య నుంచి బయటికి పొడుచుకొస్తాయి. శాటిన్, సిల్కు లాంటి జారుడు గుడ్డలు చూడ్డానికి బాగుంటాయి గానీ సూది నిలవదు. పైకి కాస్త మందం గుడ్డ వాడుకోవచ్చు. జీన్స్, కేన్వాస్, మంచి డిజైన్ కాటన్ ఏదైనా సరే. పాత దుప్పటి వాడాలనుకుంటే పై భాగానికి వాడండి. అరిగిన గుడ్డను జేబుకు మాత్రం వేయొద్దు, మొనల ఒత్తిడంతా అక్కడే ఉంటుంది.

44 అంగుళాల పన్నా గుడ్డయితే పైకి 70 సెం.మీ., లోపలికీ జేబుకూ కలిపి ఇంకో 70 సెం.మీ. సరిపోతాయి. కత్తిరించక ముందే రెండూ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. కాటన్ మొదటి తడికి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడమేదో కుట్టకముందే అయిపోవాలి. కుట్టాక అయితే బిగువుగా కుట్టిన గదుల్లో సూది దూరదు.

వీటితో పాటు ఒక గజం నాడా లేదా కాటన్ పట్టీ, పైగుడ్డ పలచనైతే దానికి అతికించడానికి తేలికపాటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే అస్తరు), గుడ్డ రంగుకు కలిసే దారం, మార్కింగ్ చాక్, గుండుసూదులు దగ్గర పెట్టుకోండి. ఫ్యూజింగ్ మరీ గట్టిది తీసుకుంటే రోల్ చుట్టుకోదు, అట్టలా విరుచుకుంటుంది. జీన్స్ లాంటి మందపు గుడ్డకు అసలు ఫ్యూజింగే అక్కర్లేదు. మిషనుకు 14 నంబరు సూది వేయండి. జీన్స్ అయితే 16.

కత్తిరింపు

అన్ని వైపులా అర అంగుళం కుట్టు మార్జిన్ కలుపుకుని, లోపలి గుడ్డ 21 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు (పైన చెప్పిన 15 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మూత కలిపి). జేబు గుడ్డ 21 వెడల్పు, 19 పొడవు. ఇది మధ్యకు మడిస్తే తొమ్మిదిన్నర అవుతుంది, మడతే జేబు పై అంచు అవుతుంది కాబట్టి వేరే హెమ్మింగ్ అక్కర్లేదు. జేబు రెండు పొరలుగా ఉండడం వల్ల మొనలకు కూడా అడ్డు గట్టిగా ఉంటుంది.

పైగుడ్డ మాత్రం ఇప్పుడే కత్తిరించకండి. ఇరవై దాకా నిలువు కుట్లు పడేసరికి లోపలి గుడ్డ వెడల్పులో కొద్దిగా దగ్గరపడుతుంది. ఎంత తగ్గుతుందో ముందే చెప్పలేం. గదులన్నీ కుట్టేశాక, వచ్చిన కొలతకు పైగుడ్డ కత్తిరిస్తే రెండూ చక్కగా కుదురుతాయి. ముందే కత్తిరించి పెట్టుకుంటే పైగుడ్డ వదులై ముడతలు పడుతుంది.

గదులు కుట్టడం

జేబు గుడ్డను వెనకవైపులు లోపలికి వచ్చేలా మధ్యకు మడిచి గట్టిగా ఇస్త్రీ చేయండి. మడత అంచు వెంట పావు అంగుళం కన్నా తక్కువ దూరంలో ఒక కుట్టు వేయండి. రోజూ సూదులు తీసి పెట్టే అంచు అది, ఆ ఒక్క కుట్టుతో సాగిపోకుండా నిలబడుతుంది. సైజులు రాయాలనుకుంటే ఇదే సమయం. కాటన్ పట్టీ మీద ఉతికినా పోని గుడ్డ పెన్నుతో అంకెలు రాసి, మడత అంచుకు దిగువన కుట్టేయండి. అంకెలు మి.మీ.లోనే రాయండి. నంబర్ల పద్ధతులు దేశాన్ని బట్టి మారతాయి: పాత బ్రిటిష్ నంబర్లలో 8 అంటే 4 మి.మీ., అమెరికా నంబర్లలో 8 అంటే 5 మి.మీ. పైగా బ్రిటిష్ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా పద్ధతిలో లావవుతుంది. మి.మీ. రాసుకుంటే ఏ ప్యాటర్న్ చూసినా గందరగోళం ఉండదు.

లోపలి గుడ్డను మంచివైపు పైకి పరిచి, దాని కింది అంచుకు జేబు కింది అంచు కలిపి పెట్టండి. జేబు మడత పైకి ఉండాలి. రెండు పక్కలా, కిందా గుండుసూదులు గుచ్చి, అంచుకు దగ్గరగా టాకాలు వేసేయండి.

ఇప్పుడు చాక్ పట్టుకోండి. మొదట ఎడమ అంచు నుంచి అర అంగుళం దూరంలో నిలువు గీత గీయండి. ఇది కుట్టుగీత కాదు, చివర్లో పడే పక్క కుట్టు స్థానం. గదుల కొలతలన్నీ ఈ గీత నుంచే మొదలవ్వాలి. గుడ్డ అంచు నుంచి కొలవడం మొదలుపెడితే మొదటి గది అర అంగుళం కోల్పోతుంది, అందులో ఏ సూదీ పట్టదు. మొదటి గదిలో అన్నిటికన్నా సన్న జత పెట్టుకునేలా చూసుకోండి, ఎందుకంటే చివరి అంచు కుట్టు కూడా ఆ గదిలోంచి కాస్త తింటుంది.

గీతలన్నీ గీశాక వెంటనే మిషను ఎక్కకండి. ఒక సన్న గది, ఒక లావు గది చేత్తో టాకాలు వేసి, నిజం సూదులు దూర్చి చూడండి. సూది జత తేలిగ్గా దిగాలి, గుడ్డ నిలబెట్టి కొద్దిగా ఊపితే కదలకూడదు. ఈ పరీక్షకు పట్టేది కొద్దిసేపే. ఇరవై కుట్లు విప్పడానికి ఒక సాయంత్రం పడుతుంది.

కుట్టేటప్పుడు మధ్య గీతతో మొదలుపెట్టి, తర్వాత ఒకటి ఎడమకు, ఒకటి కుడికి చేసుకుంటూ పోండి. ఒక చివర నుంచి వరసగా కుట్టుకుంటూ వస్తే జేబు గుడ్డ ఒకవైపుకు జరిగి చివరకు ముడత తేలుతుంది. ప్రతి గీతా కింది నుంచి పైకి కుట్టండి. మిషను పాదం పై పొరను ముందుకు నెడుతుంది. కింది నుంచి పైకి వస్తే ఆ అదనపు గుడ్డ తెరిచి ఉన్న మడత వైపు జారిపోతుంది. పై నుంచి కిందికి వస్తే అడుగున ముడుచుకుని కూర్చుంటుంది.

మడత అంచు దగ్గరికి వచ్చాక తొందరపడకండి. సూది అంచు దాటి ఒక్క కుట్టు లోపలి గుడ్డ మీద పడాలి. అక్కడి నుంచి మూడు నాలుగు కుట్లు వెనక్కి, మళ్లీ ముందుకి. ఆ తర్వాత పాదం ఎత్తి, దారాలు నాలుగు అంగుళాలు వదిలి కత్తిరించండి. పై దారాన్ని చేతిసూదితో వెనక్కి లాగి రెండు దారాలూ కలిపి ముడి వేయండి. గుడ్డ వెనకవైపు ఎవరూ చూడరు, ఎంత ముడి వేసినా పర్లేదు. రోల్ చిరగడం అంటూ మొదలైతే ఈ పై కొసల దగ్గరే మొదలవుతుంది.

అడుగు కుట్లు

ఈ రోల్‌లో నాకు బాగా నచ్చే భాగం ఇది. తొమ్మిది అంగుళాల జేబులో ఆరు అంగుళాల హుక్కు వేస్తే పూర్తిగా మునిగిపోతుంది. తీయాలంటే రోల్ తలకిందులు చేసి దులపాలి. దీనికి చాలామంది జేబు పై అంచునే ఏటవాలుగా కత్తిరిస్తారు. ఏటవాలు అంచు సాగుతుంది, పైగా అక్కడ మూతకూ జేబుకూ మధ్య పెద్ద ఖాళీ వచ్చి హుక్కులు జారిపోతాయి. జేబు పై అంచును తిన్నగానే ఉంచి, లోపల అడుగును పైకి లేపడం నా పద్ధతి.

హుక్కుల గదులున్నంత మేర జేబు పై అంచు నుంచి నాలుగున్నర అంగుళాల దిగువన అడ్డంగా ఒక కుట్టు వేయండి. అదే వాటికి అడుగు. హుక్కు దాని మీద నిలబడి, అంగుళంన్నర బయటికి కనిపిస్తుంది. సాక్సు సూదులకు ఇదే పని ఆరున్నర అంగుళాల దిగువన చేయండి. 20 సెం.మీ. సూది కూడా అంగుళంన్నర పైకి వస్తుంది, మీవి 15 సెం.మీ.వైతే హుక్కుల అడుగుకే కలిపేయండి. ఈ అడ్డ కుట్లు జంటగా వేయాలి, మధ్య రెండు మి.మీ. ఎడం ఉంటే చాలు. సాక్సు సూదులకు రెండు కొసలా మొనలే కాబట్టి ఒంటి కుట్టయితే సందులోంచి దిగబడతాయి.

బిగింపు

లోపలి గుడ్డను ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. వచ్చిన కొలతకు పైగుడ్డ కత్తిరించండి. ఫ్యూజింగ్ వేస్తుంటే అన్ని వైపులా అర అంగుళం తగ్గించి కత్తిరించి, కుట్టు మార్జిన్‌లోకి రాకుండా పైగుడ్డ వెనకవైపు అతికించండి. ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఒక్కో చోట నొక్కి పట్టి ఎత్తాలి. రుద్దితే బుడగలొస్తాయి.

నాడాను సగానికి మడిచి, ఆ మడతను లోపలి గుడ్డ కుడి అంచు మీద పెట్టండి. రెండు కొసలూ లోపలి వైపు ఉండాలి. ఎత్తు దగ్గర జాగ్రత్త. మొత్తం గుడ్డ పొడవుకు మధ్యలో పెట్టాలనిపిస్తుంది, కానీ మూత మడిచాక రోల్ ఎత్తు 15 అంగుళాలే. కాబట్టి కింది అంచు నుంచి 8 అంగుళాల దగ్గర పెట్టాలి, అందులో అర అంగుళం మార్జిన్‌కు పోతుంది. కొసల్ని ఉండలా చుట్టి మధ్యలో పిన్ను పెట్టేయండి, లేకపోతే పక్క కుట్టులో ఇరుక్కుంటాయి.

పైగుడ్డను మంచివైపు కిందికి వచ్చేలా దీని మీద పరవండి. చుట్టూ అర అంగుళం మార్జిన్‌తో కుట్టండి. మూత చివర, అంటే పై అంచు మధ్యలో అయిదు అంగుళాలు వదిలేయండి. కింది అంచు దగ్గర నాలుగు పొరలుంటాయి, అక్కడ మిషను నెమ్మదిగా నడపండి. పొడుగు సూదుల మొనలన్నీ ఆ కుట్టు మీదే ఆనతాయి కాబట్టి దాని పక్కనే ఇంకో వరస వేస్తే నిశ్చింత. నాడా దగ్గర కూడా రెండుసార్లు వెనక్కీ ముందుకీ కుట్టండి.

మూలలు కుట్టుకు తగలకుండా ఏటవాలుగా కత్తిరించి, వదిలిన సందులోంచి గుడ్డను తిరగేయండి. మూలలు పొడవడానికి కత్తెర మొన వాడొద్దు, చిల్లు పడుతుంది. సూది బొడిపె వైపు చాలు. అంచులు చక్కగా లాగి ఇస్త్రీ చేయండి, సందు దగ్గర మార్జిన్ లోపలికి మడవండి. చుట్టూ అంచుకు దగ్గరగా ఒక కుట్టు వేస్తే సందు కూడా మూసుకుంటుంది.

చివరగా కింది నుంచి 15 అంగుళాల దగ్గర మూతను మడిచి ఇస్త్రీ చేయండి. ఆ మడత గీత మీద ఒక కుట్టు వేస్తే మూత ప్రతిసారీ ఒకే చోట మడుచుకుంటుంది. పైగుడ్డ మందంగా ఉంటే ఈ కుట్టు తప్పకుండా వేయండి.

సూదులు పెట్టడం, చుట్టడం

బొడిపె ఉన్న సూదులు మొన కిందికి. హుక్కులు మాత్రం కొక్కెం పైకి, పిడి కిందికి. కొక్కెం కిందికి పెడితే తీసేటప్పుడు గుడ్డ పోగును పట్టి లాగుతుంది. మూత వేసి, సన్న సూదుల వైపు నుంచి, అంటే ఎడమ నుంచి చుట్టుకుంటూ రండి. నాడా కొసలు ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి ముడి వేయండి.

కొద్దిరోజులు వాడాక ఏదైనా గది వదులనిపిస్తే, ఆ గది లోపలే పాత కుట్టు పక్కన రెండు మి.మీ. ఎడంగా చేత్తో ఇంకో కుట్టు వేస్తే సరిపోతుంది, లోపలి పొరల వరకే సూది దించండి. బిగువైన గదిని విప్పి పెద్దది చేయడం కన్నా అందులోకి ఒక సైజు సన్న జత మార్చడం సులువు.

ఉతకాలంటే అన్నీ తీసేసి చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి. మందంగా ఉండే అంచు కుట్ల దగ్గర తడి ఎక్కువసేపు నిలుస్తుంది. పైకి ఆరినట్టు కనిపించినా అక్కడ వేళ్లతో నొక్కి చూసి, చల్లగా తగిలితే ఇంకో పూట ఆగండి. తడి గుడ్డలో పెడితే వెదురు సూదులు ఉబ్బి గరుకవుతాయి, లేసులకు వాడే సన్న స్టీలు హుక్కులు తుప్పు పడతాయి. ఆ స్టీలు హుక్కుల కొక్కేలు మరీ సన్నం, రోల్‌లో పెట్టే ముందు కొసకు చిన్న రబ్బరు తొడుగు తొడగండి.